ఉప్పు పొర కింద

"పంపుహౌసు నేను తగలబెట్టలేదు. అది తగలబడిందని తెలిసినప్పుడు మాత్రం నాకేమీ బాధ కలగలేదు. రెండూ రాసుకోండి," అంది టైలరమ్మ.

నత్త ఏమీ రాసుకోలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుని ఆమె చేతుల వైపు చూశాడు. కుడి బొటనవేలి మీద కత్తెర కాయ. చూపుడువేలికి సూదిపోట్లు. కాలిన మచ్చ ఒక్కటి లేదు. కిరోసిన్ పోసి నిప్పంటించినవాళ్ళ చేతుల మీద వెంట్రుకలన్నా చుర్రుమని ఉండాలి. ఈవిడ చేతులు రాత్రి వరకూ మిషను తొక్కి, పొద్దున్నే మళ్ళీ కూర్చున్న మనిషి చేతుల్లా ఉన్నాయి.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ కేసులోనైనా అందరికంటే ఆలస్యంగా ఒక నిర్ణయానికొస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరు నత్త. ఉద్యోగానికి దణ్ణం పెట్టి బయటికొచ్చి డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు ఆ పేరే బోర్డు మీద రాయించాడు. వెక్కిరించేవాళ్ళకి ఇక వెక్కిరించడానికి ఏమీ మిగల్లేదు.

"మీ మీద వాళ్ళ దగ్గరున్న సాక్ష్యం ఏంటి?" అని అడిగాడు.

"ఒక మాస్కు. పంపుహౌసు కిటికీ దగ్గర దొరికిందట. పచ్చ అంచు మాస్కు. నేను కుట్టిందే."

"మీరేనా కుట్టింది?"

"ఊళ్ళో ఎవరి మూతి మీదున్నదైనా నేను కుట్టిందే బాబూ. సరస్సు ఎండిపోతున్న కొద్దీ ఉప్పు దుమ్ము లేచి ఇళ్ళలోకి వస్తోంది. పిల్లలు దగ్గీ దగ్గీ నిద్రలో లేచి కూర్చుంటున్నారు. అప్పుడు మొదలెట్టాను మాస్కులు కుట్టడం. ఆ మాస్కు దొరికిందని నన్ను లోపలేశారు. రేపు ఎక్కడైనా దొంగతనం జరిగి చెప్పు దొరికితే, చెప్పులు కుట్టినాయన్ని పట్టుకొస్తారా?"

గుమ్మంలో నిలబడ్డ ఎస్సై చిన్నగా నవ్వాడు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఇందాకే నత్తకీ ఆమెకీ టీ తెప్పించాడు. "అమ్మా, కోపం తెచ్చుకోకండి, బీపీ పెరుగుతుంది" అని రెండుసార్లు అన్నాడు. నత్త ఆయన్ని కాసేపు బయటికి వెళ్ళమంటే, "ఇన్స్పెక్టర్ గారి ఆర్డరండీ, నేనుండాలి" అని ఎంతో వినయంగా అక్కడే ఉండిపోయాడు.

"ఆ పంపుహౌసు కంపెనీకీ మీ సరస్సు కమిటీకీ గొడవ ఎక్కడ మొదలైంది? మొదట్నుంచీ చెప్పండి. నాకు నిదానంగా వింటే తప్ప ఎక్కదు," అన్నాడు నత్త.

టైలరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"సరస్సులో కలిసే వాగు ఒక్కటే. పైనున్న ఊళ్ళు ఆ వాగు నీళ్ళు తోటలకు పెట్టుకునేవి. కింద ఈ రసాయనాల కంపెనీ పంపు పెట్టి తోడుకునేది. ఇక సరస్సుకేం మిగుల్తుంది? కోర్టుకెళ్ళాం. తాగడానికి సరిపడా తప్ప తోడకూడదని కంపెనీకి కోర్టు చెప్పింది. అది సగం పని. మిగతా సగానికి నేనూ, మా తమ్ముడూ వాడి స్కూలు వ్యానులో పై ఊళ్ళన్నీ తిరిగాం. గడప గడపకీ వెళ్ళి, ఒక పంట మానుకోండి నాయనా, ఆ నీళ్ళు వాగులోకి వదలండి, ఈ సరస్సు చచ్చిపోతే ఆ దుమ్ము రేపు మీ ఇళ్ళకీ వస్తుంది అని బతిమాలాం. తిట్టినవాళ్ళున్నారు, కుక్కల్ని ఉసిగొల్పినవాళ్ళున్నారు. చివరికి ఒప్పుకున్నారు. ఒకాయన కాపుకొచ్చిన దానిమ్మ తోట ఎండబెట్టుకున్నాడు. చెట్లు నరికేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు బయటికి రాలేదు. అంత చేసి నీళ్ళు వదిలారు."

పళ్ళ మధ్య ఏదో పట్టి నొక్కుతున్నట్టు ఆమె దవడ బిగిసింది.

"పైన వాగు నిండుగా పారుతోంది. నా కళ్ళతో చూశాను. సరస్సు దగ్గరకొచ్చేసరికి చుక్క లేదు. ఇసక తాగేసిందంటాడు కంపెనీ మేనేజరు. జనం నోళ్ళు కట్టుకుని వదిలిన నీళ్ళు ఎక్కడికి పోయాయయ్యా అని అడిగాను. సోమవారం కోర్టు మనిషి వచ్చి వాగూ పంపూ చూస్తానన్నాడు. శుక్రవారం సాయంత్రం పంపుహౌసు తగలబడింది. ఇప్పుడు నేను ముద్దాయిని. సోమవారం ఆయనొచ్చి ఏం చూస్తాడు? బూడిద."

"మీ తమ్ముడు?"

"శుక్రవారం మధ్యాహ్నం నుంచి లేడు. వ్యాను సరస్సు గట్టున పెట్టినచోటే ఉంది. వాడే తగలబెట్టి పారిపోయాడంటున్నారు. ఆ వ్యాను వాడికి పెళ్ళాం కంటే ఎక్కువని మా మరదలే అంటుంది. దాన్ని వదిలేసి పారిపోతాడా? పారిపోయేవాడు నడిచి పారిపోతాడా?"

నత్త ఎస్సై వైపు తల తిప్పాడు. "వెతికారా?"

"వెతుకుతూనే ఉన్నామండీ. బస్టాండు, రైల్వే స్టేషను, అన్నిచోట్లా చెప్పాం."

"సరస్సు దగ్గర?"

"అక్కడేముంటుందండీ? ఎండిపోయిన నేల," అన్నాడు ఎస్సై, ఖాళీ గ్లాసులు తీసుకుంటూ.

అంతలో బయట బూట్ల చప్పుడైంది. ఇన్స్పెక్టర్ లోపలికొచ్చి, టోపీ తీసి, మొహం చిట్లించాడు.

"ఏం బావా, ఆదివారం పూట కూడా నా ప్రాణానికి తయారయ్యావు! అక్క ఏమీ అనలేదా?"

ఇన్స్పెక్టర్ నత్త భార్యకు సొంత తమ్ముడు. పెళ్ళిలో నత్త చెప్పులు దాచేసి ఏడిపించిన కుర్రాడే ఇప్పుడు ఈ స్టేషనుకు పెద్ద. ఇంట్లో ఒకే కంచంలో తినేంత చనువు. కేసు దగ్గరికొస్తే మాత్రం ఇద్దరికీ చుట్టరికం గుర్తుండదు.

"మీ అక్క చెప్పే పంపింది. వెళ్ళి వాడికి కాస్త బుద్ధి చెప్పి రమ్మంది," అన్నాడు నత్త.

"చెప్పు. నాకు టైమ్ లేదు కానీ చెప్పు. సాక్ష్యం ఉంది, కారణం ఉంది, తమ్ముడు పరారీలో ఉన్నాడు. రేపు కోర్టులో పెడతాను. ఇంకేం కావాలి?"

"పంపుహౌసు లోపలికి నువ్వు వెళ్ళావా?"

"మా ఎస్సై వెళ్ళి చూసి రిపోర్టిచ్చాడు."

"అంటే నువ్వెళ్ళలేదు."

"బావా, నాకు ఈ ఒక్క కేసే కాదు."

"ఈవిడకి మాత్రం ఈ ఒక్క జీవితమేగా!" నత్త గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. గోడ అవతల ఎవరో టైపు కొట్టడం ఆపేశారు. "కుర్చీలోంచి లేవకుండా ఒక ఆడమనిషిని జైలుకి పంపుతున్నావు. పద. నాతో వచ్చి ఆ గది చూడు. చూశాక కూడా ఇదే మాటంటే, నేను ఈ కేసు వదిలేసి ఇంటికెళ్ళి పడుకుంటాను."

"మాట మీద ఉంటావా?"

"పద ముందు."

ఇన్స్పెక్టర్ కారు తాళాలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకో" అని ఎస్సైకి చెప్పాడు.

"తప్పకుండా సార్," అన్నాడు ఎస్సై.

*

పంపుహౌసు వాగు ఒడ్డున, సరస్సు మొదలయ్యే చోట ఉంది. ఒకప్పుడు మొదలయ్యేది అనాలి. ఇప్పుడక్కడ పగిలిన బురద, దాని మీద తెల్లటి ఉప్పు. కాలిన గది బయట కంపెనీ మేనేజరు ఎదురుచూస్తున్నాడు. కారు దిగగానే ఇన్స్పెక్టర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. నత్త వైపు చెయ్యి చాపి, చాపిన చెయ్యి ఎవరూ అందుకోకపోవడంతో దానితోనే జుట్టు సవరించుకున్నాడు.

"గదికి తాళం ఉండేదా?" అడిగాడు నత్త.

"ఎప్పుడూ ఉంటుంది. ఒకటే తాళంచెవి. నా దగ్గరే ఉంటుంది. ఫైరింజను వాళ్ళొచ్చాక నేనే తెరిచాను."

"అయితే తగలబెట్టినవాళ్ళు లోపలికెలా వచ్చారు?"

జవాబు ఇన్స్పెక్టర్ ఇచ్చాడు. "రాలేదు బావా. బయట్నుంచి కిటికీ అద్దం పగలగొట్టి, కిరోసిన్ సీసా అంటించి లోపలికి విసిరారు. మాస్కు కిటికీ కిందే దొరికింది. అద్దం ముక్కలు లోపల ఉన్నాయి చూడు. బయట్నుంచి పగలగొడితేనే లోపల పడతాయి."

నత్త లోపలికి వెళ్ళి కిటికీ కింద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. నత్త జేబురుమాలుతో ఒక పెద్ద అద్దం ముక్క అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తాడు.

"ఇలా రా. ఈ ముక్క కింద నేల ఎలా ఉంది?"

ఇన్స్పెక్టర్ వంగి చూశాడు. "నల్లగా ఉంది. మసి."

"ముందు అద్దం పగిలి, ఆ తర్వాత మంట లేస్తే, అద్దం కప్పిన చోట నేలకి మసి ఎలా అంటింది?"

ఇన్స్పెక్టర్ తనే ఇంకో ముక్క ఎత్తాడు. ఆ కిందా నలుపే. మరోటి ఎత్తాడు.

"మంట ఆరి, మసి నేలంతా పరుచుకున్నాక పగిలింది ఈ కిటికీ," అన్నాడు నత్త. "అప్పటిదాకా కిటికీ బాగానే ఉంది. తలుపుకి తాళం ఉంది. మరి నిప్పు ఎటునుంచి వచ్చింది?"

"వేడికి పగిలుంటుందండీ," అన్నాడు మేనేజరు.

"పగిలిందే అనుకుందాం. అప్పుడు మీ కిరోసిన్ సీసా గోడలోంచి వచ్చిందా?"

మేనేజరు నవ్వబోయి మానుకున్నాడు. నత్త లేచి, గది మధ్యలో నల్లగా కమిలిపోయిన పంపు చుట్టూ తిరిగాడు.

"కాలిపోయిన సాయంత్రం ఇది నడుస్తోందా?"

"నడుస్తూనే ఉందండీ! నడుస్తున్న పంపుని కాల్చేశారు. కోర్టు అనుమతిచ్చిన ఆ కాసిన్ని నీళ్ళకీ మాకిదే ఆధారం. ఇప్పుడు ఫ్యాక్టరీకి చుక్క నీరు లేదు."

"ఇంకోసారి చెప్పండి. మా బావమరిది కూడా వినాలి."

మేనేజరు మళ్ళీ చెప్పాడు, ఈసారి కాస్త నెమ్మదిగా.

నత్త పంపు గొట్టం మూతి దగ్గర టార్చి వేశాడు. లోపల, ఇనపగొట్టాన్ని పూర్తిగా మూసేసి, ఎర్రటి ముద్ద ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. పెన్ను మొనతో కొడితే కుండ మీద కొట్టినట్టు మోగింది. ఒక పెళ్ళ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వరసగా గదులు, గదుల్లో మాడిపోయిన పురుగుల డొల్లలు.

"కందిరీగల మట్టిగూడు. మంటకి కాలి ఇటుకైంది. నీళ్ళు పారే గొట్టంలో కందిరీగలు కాపురం పెట్టవు సార్. ఈ పంపు ఆగిపోయి నెలలైంది." గూడు ముక్కని ఇన్స్పెక్టర్ చేతిలో పెట్టి, కిటికీలోంచి దూరంగా చూపించాడు. ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ల మీంచి తెల్లటి ఆవిరి మబ్బులు మబ్బులుగా లేస్తోంది. "పంపు నెలల కిందే చచ్చింది. ఇంకో ఆధారం లేదన్నారు. మరి అక్కడ మరుగుతున్నవి ఎవరి కన్నీళ్ళు?"

"అవి నిల్వ నీళ్ళు..." మేనేజరు పెదాలు తడుపుకున్నాడు. "ఒక్క నిమిషం. ఫోన్ చేసుకోవాలి." గబగబా తన కారు వైపు వెళ్ళాడు. మాట్లాడుతూనే కారెక్కాడు. మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు.

"ఆపకపోయావా?" అన్నాడు నత్త.

"ఏమని ఆపను? కందిరీగల్ని చంపాడనా?" ఇన్స్పెక్టర్ కసురుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "సరే, పంపు విషయంలో అబద్ధం చెప్పాడు. అంతమాత్రాన ఆవిడ నిర్దోషి అయిపోదు. గది ముందు రోడ్డు మీద కంపెనీ కాపలా ఉంది. వాళ్ళ కంట పడకుండా ఊరి వైపు నుంచి సరస్సు నేల మీద నడిచొచ్చిందని రిపోర్టులో ఉంది."

"రా, ఆ దారీ చూద్దాం."

*

గాలి లేచింది. సరస్సు నేల మీద తెల్లటి పొగలా దుమ్ము పాకుతూ వచ్చి కళ్ళలో కారం కొట్టినట్టు మండింది. ఇన్స్పెక్టర్ జేబులోంచి మాస్కు తీసి కట్టుకున్నాడు. పచ్చ అంచు.

"అదెవరు కుట్టారు?"

"అక్కే కొనిచ్చింది."

"అయితే నిన్నూ లోపలెయ్యాలి."

ఇన్స్పెక్టర్ మాస్కు వెనక ఏదో గొణిగాడు.

ఊరి వైపు నేలంతా ఉప్పు పొర పరుచుకుని ఉంది, కోడిగుడ్డు పెంకంత పలచగా. నత్త ఒక్క అడుగు వేశాడు. పొర టప్పున విరిగి, కింద బూడిదరంగు బురద బయటపడింది. మళ్ళీ వాన పడి ఎండితే తప్ప ఆ గాయం మానదు. ఇద్దరూ నిలబడి చూశారు. చూపు ఆనినంత మేర ఊరి వైపు పొర చెక్కుచెదరలేదు. పిల్లి నడిచిన జాడ కూడా లేదు.

"గాలిలో ఎగిరొచ్చిందంటావా?" అన్నాడు నత్త.

"చాల్లే బావా."

"చాలదు. నువ్వు లంచం తినేవాడివి కాదని నాకు తెలుసు. మీ అక్కకీ తెలుసు. కానీ తిన్నవాడికంటే వీళ్ళకి నువ్వే ఎక్కువ పనికొచ్చావు. నిజాయితీపరుడి సంతకం కింద అబద్ధం పెట్టుకుంటే దాన్నెవరూ తిరగేసి చూడరు. ఆ జనం తోటలు నరుక్కుని నీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు ఎవడో మింగేశాడు. మింగినవాణ్ణి వదిలేసి, ఎక్కడికి పోయాయని అడిగినదాన్ని బోనులో పెట్టావు. ఒక్కసారి ఇక్కడికొచ్చి నిలబడితే కనపడేదిరా ఇదంతా! ఒక్కసారి!"

బావమరిదితో 'ఒరేయ్' అన్నట్టు మాట్లాడడం పెళ్ళైనప్పట్నుంచీ ఇదే మొదలు. ఇన్స్పెక్టర్ తల దించుకుని తన బూట్లకంటిన ఉప్పుని నేలకి రాసి దులుపుకున్నాడు. "ఆ కర్రలేంటి?" అని మాత్రం అడిగాడు.

గట్టు దగ్గర్నుంచి సరస్సు లోపలికి వరసగా గుంజలు పాతి ఉన్నాయి. తెల్లరంగు వేసి, ఒక్కోదాని మీద తారుతో సంవత్సరం రాశారు. ఆ ఏడు నీళ్ళు అక్కడిదాకా ఉన్నాయని గుర్తు. కమిటీ తరఫున వాటిని పాతేది టైలరమ్మ తమ్ముడు. గుంజలు దాటుకుంటూ నడుస్తుంటే రానురాను మధ్య దూరం పెరుగుతోంది. నీళ్ళు మాత్రం ఇంకా ఎక్కడో అద్దం ముక్కలా మెరుస్తున్నాయి.

చివరి గుంజ దగ్గర నత్త ఆగిపోయాడు. అది నిటారుగా లేదు. జానెడు లోతు దిగి పక్కకి ఒరిగిపోయింది. పక్కనే ఇనప సమ్మెట పడి ఉంది, దాని మీద ఉప్పు పేరుకుంది. గట్టు వైపు నుంచి ఇక్కడిదాకా ఒక మనిషి అడుగుల పక్కనే జీపు చక్రాల జాడలు పొరని రెండు చాళ్ళుగా చీల్చాయి. ఇక్కడ ఆగి, ఇంకాస్త ముందుకు పోయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాయి.

"కంపెనీ జీపయి ఉంటుంది," అన్నాడు ఇన్స్పెక్టర్.

నత్త సమ్మెట తీసుకుని గుంజ నెత్తి మీద ఒక్కటి వేశాడు. మట్టిలో దిగిన చప్పుడు కాలేదు. ఖంగుమంది.

నత్త మోకాళ్ళ మీద కూలబడి బురద తవ్వాడు. చేతికి ఇనుము తగిలింది. గుండ్రంగా, మనిషి నడుమంత లావు గొట్టం. చెవి ఆనించాడు.

"రా. విను."

ఇన్స్పెక్టర్ టోపీ తీసి, యూనిఫాంతోనే ఆ బురదలో బోర్లా పడుకుని చెవి పెట్టాడు. కింద నీళ్ళు హోరెత్తుతున్నాయి. పండ్లతోటలు, చెరుకు, దానిమ్మ ఎండబెట్టుకుని, కన్నీళ్ళు దిగమింగుకుని జనం వదిలిన నీళ్ళు, చచ్చిపోతున్న సరస్సు గుండె మీంచే, దానికి చుక్క దక్కకుండా ఫ్యాక్టరీకి పరుగెడుతున్నాయి. ఎవరూ తవ్వి చూడని చోటు అని సరస్సు నేలలోనే దాచారు గొట్టాన్ని.

ఇన్స్పెక్టర్ లేచాడు. చెంపకి బురద అంటుకుంది. తుడుచుకోలేదు. "దొంగనాకొడుకులు," అన్నాడు మెల్లగా.

చక్రాల జాడలు పోయిన దిక్కుకే గొట్టమూ పోతోంది. కొంచెం అవతల, నీళ్ళున్న కాలంలో వదిలేసిన ఒక పాత పడవ పక్కకి ఒరిగి ఉంది. దాని పక్కన చిన్న దిబ్బ. దిబ్బ మీద ఉప్పు మరీ తెల్లగా, మరీ సమంగా ఉంది. నత్త చేత్తో గీరితే కింద టార్పాలిన్ తగిలింది. లాగేశాడు. ఇనప మూత, దానికి కొత్త తాళంకప్ప.

నత్త సమ్మెటతో మూత మీద కొట్టాడు. అడుగునుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు.

లోపల్నుంచి ఎవరో తిరిగి కొట్టారు.

ఇన్స్పెక్టర్ సమ్మెట లాక్కున్నాడు. మూడో దెబ్బకి తాళం ఊడిపోయింది. ఇద్దరూ కలిసి మూత ఎత్తారు. కింద ఇరుకు బావిలాంటి గది. ఇనప మెట్టుని కౌగలించుకుని, నడుము లోతు నీళ్ళలో ఒక మనిషి. స్కూలు వ్యాను డ్రైవరు చొక్కా. పెదాలు నీలిరంగులో ఉన్నాయి.

చంకల కింద చేతులేసి పైకి లాగారు. ఎండలో పడగానే అతను ఊపిరి పీల్చుకుని, కళ్ళు చికిలించి నత్తని చూశాడు. తర్వాత ఇన్స్పెక్టర్ని చూశాడు. ఖాకీ బట్టలు చూడగానే గొంతులోంచి వింత చప్పుడొకటి వచ్చింది. మోచేతుల మీద వెనక్కి పాకాడు, మళ్ళీ ఆ గోతిలోకే పడిపోయేంత దూరం.

నత్త అతని భుజం పట్టి ఆపాడు. "భయపడకు నాయనా. మీ అక్క పంపింది నన్ను. నిన్ను ఇందులో పెట్టింది కంపెనీవాళ్ళా?"

అతను తల అడ్డంగా ఊపాడు. గొంతు పోయింది. మాట గరగరలాడుతూ వచ్చింది. "గుంజ పాతుతుంటే ఇనుము తగిలింది. చెవి పెట్టి విన్నాను. వ్యాను స్టార్టవకపోతే, అక్కకి కూడా చెప్పకుండా ఆటో ఎక్కి ముందు స్టేషనుకే పరిగెత్తాను... పోలీసులకి చెబితే న్యాయం జరుగుతుందని. చూపించు పద అని జీపులో తీసుకొచ్చారు. చూపించాను. మూత తీసి, లోపల కూడా గొట్టం ఉందేమో దిగి చూడమన్నారు. దిగాను."

"ఎవరన్నారు?"

"ఎస్సై గారు. చాలా మర్యాదగా అన్నారు సార్. జాగ్రత్త, మెట్లు జారతాయి అని కూడా అన్నారు." అతను వణికిపోతూ ఏడ్చేశాడు. "ఫ్యాక్టరీ తొట్లు నిండినప్పుడల్లా నీళ్ళు ఇందులోకి ఎదురుతన్నేవి. గొంతుదాకా వచ్చేవి. మళ్ళీ తగ్గేవి."

చంపే ధైర్యం కూడా లేదు వాడికి, అనుకున్నాడు నత్త. చావుని ఆ నీళ్ళకే అప్పజెప్పి వెళ్ళిపోయాడు. తమ్ముడు కనపడకపోవడానికి ఒక కారణం కావాలి కాబట్టి, మేనేజరు తాళంచెవితోనే తలుపు తీసి, ఎలాగూ పనికిరాని పంపుహౌసుని తగలబెట్టారు. అక్క నోరు ముయ్యడానికి ఆ నిప్పే పనికొచ్చింది.

ఇన్స్పెక్టర్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల స్టేషన్లో కానిస్టేబులు ఎత్తాడు.

"టైలరమ్మ ఎక్కడుంది?... ఏంటి?... ఎప్పుడు?"

ఫోను దింపాడు. రంగు వెలిసిన గోడలా ఉంది మొహం.

"కోర్టులో హాజరు పరచాలని ఎస్సై జీపెక్కించుకుని వెళ్ళాడట. ఎవరో ఫోన్ చేసిన వెంటనే."

"ఆదివారం ఏ కోర్టు?" అన్నాడు నత్త.

జవాబు గట్టు మీద కనపడింది. చాలా దూరంలో, రోడ్డు దిగి సరస్సు నేల మీదకి మళ్ళిన ఒక బండి వెనక ఉప్పు దుమ్ము తెల్లటి తోకలా లేచింది. అది ఇటే వస్తోంది.

ఇన్స్పెక్టర్ ఆ దుమ్ము వైపు చూశాడు. గోతిలోకి చూశాడు. నీళ్ళు మెల్లగా ఒక మెట్టు ఎక్కాయి. నడుముకున్న పిస్తోలు తీసి, మాస్కు విప్పి అందులో చుట్టి, చొక్కా గుండీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. మెట్ల మీద కాలు పెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"మూత వేసి, తాళం ఊరికే తగిలించి, టార్పాలిన్ కప్పు. ఇతన్ని పడవ వెనక్కి తీసుకెళ్ళు. ఎదురుగా మనల్ని చూస్తే వాడు బండి తిప్పేసుకుంటాడు. ఆవిడ వాడి పక్కనే ఉంది. పారిపోతూ ఏం చేస్తాడో తెలీదు. ఆవిణ్ణి ఇందులోకి దింపాలంటే జీపు ఆపాలి. మూత తన చేత్తోనే తియ్యాలి." నడుము లోతు దిగాడు. "తీస్తే నేనుంటాను."

"నీళ్ళు పెరుగుతున్నాయి. వాడు ఆలస్యం చేస్తే? మీ అక్కకి నేనేం చెప్పాలి?"

"నా రిపోర్టు నేనే వచ్చి చూసుకున్నానని చెప్పు."

దుమ్ములోంచి ఇంజను చప్పుడు వినపడసాగింది. నత్త ఇనప మూత అంచు పట్టుకున్నాడు. చేతులు కదల్లేదు.

"వెయ్ బావా," అన్నాడు ఇన్స్పెక్టర్ కింద్నుంచి. "ఉప్పు కూడా చల్లు."